రాగి మూతలు

"ఆ మూత లోపలే ఊడి తుపాకిమందులో పడిందనుకో, అప్పుడేంటి? గొట్టంలో చిక్కుకుందనుకో? తర్వాతి గుండు వెళ్లి దానికి తగిలి, తుపాకి నీ మొహం మీదే పగిలితే?"

వెర్లా ఈ మాట అనడం ఆ వారంలో నాలుగోసారి. షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ అంది. చేతులు పొడిగానే ఉన్నాయి.

షెల్బీ తలెత్తలేదు. ఇంటికప్పు అంచులకు వేసే అల్యూమినియం రేకును కత్తెరతో రెండు వేళ్ల వెడల్పున పట్టీలా కత్తిరించింది. పట్టీని రేకు గుద్దే డై కింద పెట్టి ప్రెస్సు కాడ కిందికి లాగింది. టిక్కుమంది. చొక్కా గుండీ కన్నా చిన్న గిన్నె ఒకటి కింద పెట్టిన డబ్బాలో పడింది. పట్టీని కాస్త జరిపి మళ్లీ లాగింది. టిక్కు.

"నువ్వు పేలుతుంది పేలుతుంది అంటూ ఉండగానే నాకు ఇరవయ్యేడేళ్లు వచ్చేశాయమ్మా."

"ఒక్కసారి పేలితే చాలు కదే. రెండోసారి అక్కర్లేదు."

"సరే. పేలినప్పుడు పిలుస్తాలే."

"అలాంటి మాటలు అనకు!"

ఇంట్లో పోసుకున్న సీసపు గుండు మెత్తగా ఉంటుంది. వెనక మందు అంటుకున్నప్పుడు ఆ వేడికి అడుగు కరిగి గొట్టం నిండా పూసుకుంటుంది. ఇక గురి ఉండదు. అందుకే అడుగున ఈ బుల్లి గిన్నెను బోర్లించి, గుండుతో సహా ఇరుకు డైలోంచి నొక్కి తీస్తే అది చుట్టూ కొరికి పట్టుకుంటుంది. పుస్తకాల్లో దీన్ని గ్యాస్ చెక్ అంటారు. ఈ లోయలో అందరూ మూత అనే అంటారు. ఊళ్లో షాపులో రాగివి పెట్టెల్లో దొరికేవి. రెండేళ్లుగా ఆ అర ఖాళీ. అడిగితే షాపాయన భుజాలెగరేస్తాడు. వేటమాంసం లేకపోతే చలికాలం గడవని ఇళ్లు ఈ రోడ్డు మీద ఆరున్నాయి. వాటిలో వెర్లా ఇల్లొకటి.

షెల్బీ ఒక గుండు అందుకుని అడుగున మూత పెట్టింది. బొటనవేలితో అదిమి, డైలోంచి తోసి, గోటితో అంచు గీకి చూసింది. పటకారుతో పట్టుకుని లాగింది. రాలేదు. అలా పదింటికొకటి లాగి చూసేది. లాగి చూసినదాన్ని మళ్లీ వాడకుండా కరిగించే కుండలో పడేసేది.

"మీ నాన్నే నయం. డబ్బాలో వచ్చినవి కొనేవాడు, తొడిగేవాడు. నాకు నిద్రన్నా పట్టేది."

"నాన్న ఎల్క్ దుప్పి వేటకి వెళ్లిన ప్రతిసారీ నువ్వు వంటింట్లో గుడ్లు తేలేసి కూచునేదానివి. నాకు గుర్తులేదనుకున్నావా?"

ఇంతలో బయట ట్రక్కు ఆగింది. వెర్లా భర్త లైల్‌కి అన్న, హార్లన్, బూట్ల బురద గడపకి రాసి లోపలికొచ్చాడు. గురువారం వేట మొదలవుతుంది. లైల్ ఊపిరితిత్తులు సామిల్లు రంపపు పొట్టుతో పోయాయి, కొండెక్కలేడు. అందుకని ఈ ఏడు తాత తుపాకి షెల్బీ చేతికొచ్చింది. హార్లన్ తన కంచరగాడిదల్ని తీసుకుని తోడెళ్తున్నాడు.

"ఏం వండుతున్నావే పిల్లా? బీరు డబ్బాల కూరా?"

"బీరు డబ్బా రేకు పల్చన పెదనాన్నా. అది పట్టదు. ఇది కప్పు రేకు."

"ఓహో. అయితే వాన పడితే ఎల్క్‌కి గొడుగు అన్నమాట." తన జోకుకి తనే నవ్వుకుని, జేబులోంచి పాత అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. అట్ట మీద అక్షరాలు వెలిసిపోయాయి. "ఇవిగో అసలువి. రాగివి. చచ్చిపోయిన ముసలి గాస్ షెడ్డు వేలం వేస్తే పట్టుకొచ్చాను. కంపెనీ సరుకు. నీ వంటగిన్నెలు పక్కన పెట్టి ఇవి తొడుక్కో."

షెల్బీ పెట్టె తెరిచి చూడను కూడా లేదు. "నావి సిద్ధమయ్యాయి పెదనాన్నా. గురి చూసుకున్నాను, వంద గజాల్లో అయిదూ అరచేతంత చోట పడ్డాయి. ఇప్పుడు మారిస్తే మళ్లీ మొదట్నించీ చూసుకోవాలి."

"అరచేయి ఎవరిది, నీదా, ఎలుగుబంటిదా?" అని హార్లన్ వెర్లా వైపు తిరిగాడు. "నీ కూతురు, నీ ఇష్టం వెర్లా. నేను చెప్పాల్సింది చెప్పాను. తర్వాత నా మీద పడి ఏడవద్దు."

ఆ చివరి మాట వెర్లాని వదల్లేదు. అతను వెళ్లిపోయాక కూడా ఆ పెట్టెనే చూస్తూ నిలబడింది.

బుధవారం షెల్బీ మిల్లుకి పనికి వెళ్లింది. లైల్ ముందుగదిలో ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టుకుని రేడియో వింటున్నాడు. వెర్లా గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. కిటికీలోంచి చూస్తే షెడ్డు తలుపు సగం తెరిచి ఉంది. షెల్బీ తోలు బెల్టు అక్కడే మేకుకి వేలాడుతోంది, ఇరవై తూటాలతో.

ప్రార్థన చేసుకుంది. దేవుడు అవుననీ కాదనీ చెప్పలేదు. తువ్వాలు భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్లింది.

ఆ పని ఆమెకి తెలియనిది కాదు. లైల్ రెండు వేళ్లు రంపం కింద పోయిన ఏడాది, అతను పక్కన కూర్చుని చెబుతుంటే చలికాలమంతా తనే తూటాలు కూర్చింది. అప్పుడూ భయమే. భయపడుతూనే, ఎవరూ చేయనంత జాగ్రత్తగా చేసింది. ఇప్పుడూ అంతే. షెల్బీ పోసి పెట్టుకున్న గుండ్లలోంచి నున్నటివి ఏరింది. హార్లన్ పెట్టె తెరిచింది. రాగి మూతలు కొత్త పైసల్లా మెరిసిపోతున్నాయి. అన్నీ ఒకే ఎత్తు, ఒకే అంచు. పెట్టెలో వచ్చిన వస్తువు పెట్టెలో వచ్చిన వస్తువే కదా అనుకుంది. ఎక్కడో పెద్ద మిషను మీద, చదువుకున్నవాళ్లు కొలిచి చేసినవి. వీటి పక్కన కూతురు కప్పు రేకులోంచి గుద్ది తీసినవి చిన్నపిల్లలు ఆడుకునే లక్కపిడతల్లా అనిపించాయి.

ఒక్కొక్కటీ తొడిగింది. డైలోంచి తోసింది. షెల్బీ నోటుబుక్కులో రాసుకున్న తూకమే మందు తూచి, ఒక్క రవ్వ ఎక్కువైనా చెంచా కొసతో తీసేసి, ఇత్తడి తూటా గొట్టాల్లో పోసింది. గుండు దిగ్గొట్టాక మూత లోపలికి పోతుంది. బయటికి కనిపించేది సీసమే. ఏది అల్యూమినియమో ఏది రాగో పైనుంచి దేవుడు కూడా చెప్పలేడు. బెల్టులోంచి ఇరవై తీసి, ఇరవై పెట్టింది. తీసినవాటిని పాత సాక్సులో వేసి కుట్టుమిషను కింద తోసింది.

పటకారుతో లాగి చూడలేదు. కంపెనీ సరుకుని లాగి చూడ్డమేమిటి, అవమానం కాదూ?

సాయంత్రం షెల్బీ వచ్చి బెల్టు భుజాన వేసుకుంటే, చాలా రోజుల తర్వాత వెర్లాకి గుండె కాస్త కుదుటపడింది. మెత్తటి బిస్కెట్ రొట్టెలూ, వాటి మీదికి గ్రేవీ చేసి పెట్టింది. కూతురు మూడోసారి వడ్డించుకుంటుంటే చూస్తూ కూర్చుంది.

"ఏంటమ్మా, ఇవాళ పేలుతుందని అన్లేదు?"

"తిను ముందు."

గురువారం తెల్లారకముందే వాళ్లు ఎల్డర్ వాగు మీదుగా పైకి వెళ్లిపోయారు. శనివారం మధ్యాహ్నానికి వస్తామన్నారు. అక్కడ ఫోన్లు పనిచేయవు.

శుక్రవారం పొద్దున వెర్లా షెడ్డు ఊడ్చింది. బల్ల అంచున తను తొడగగా మిగిలిన రాగి మూత గుండు ఒకటి ఉంది. గుడ్డ తగిలి అది దొర్లి సిమెంటు మీద పడింది. రెండు చప్పుళ్లయ్యాయి. వంగి చూసింది. గుండు ఒకవైపు, మూత ఇంకోవైపు. మూత ఇంకా గిర్రున తిరుగుతోంది.

దాన్ని తీసి మళ్లీ తొడిగింది. బొటనవేలితో పక్కకి నెట్టింది. వచ్చేసింది. పెట్టెలోంచి ఇంకొకటి తీసి, కొత్త గుండుకి తొడిగి, డైలోంచి తోసి, నెట్టింది. ఇదీ వచ్చేసింది, కాస్త బలవంతం మీద. డబ్బాలో షెల్బీ తొడిగిన గుండు ఒకటి దొరికింది. వేలితో నెట్టింది. పటకారుతో లాగింది. పళ్లు బిగబట్టి, రెండు చేతులా లాగింది. సీసం గీరుకుపోయింది గానీ ఆ తెల్ల రేకు కదల్లేదు.

ఊడిన మూతని గుప్పిట్లో పెట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

"లైల్, ఇదేంటి, తొడిగితే నిలవడం లేదు?"

లైల్‌కి చూపు మందగించింది. మూతని బొటనవేలికీ మిగిలిన వేళ్లకీ మధ్య పట్టుకుని లోపలి అంచు తడిమాడు. "ఇదెక్కడిదే? ఇది పాతరకం. మా నాన్న కాలం నాటిది. గోడ నిట్టనిలువుగా ఉంది చూడు. ఇది కొరికి పట్టుకోదు, ఊరికే కూర్చుంటుంది. దార్లోనే ఊడిపోతుంది, ఒక్కోటి ఒక్కో చోట. గుండు ఎటు పోతుందో ఎవడికీ తెలీదు."

"హార్లన్ డబ్బాలోది."

"హార్లన్‌కి రాగి అయితే చాలు, బంగారమే అనుకుంటాడు. పారెయ్."

"గొట్టంలోనే ఉండిపోతే?"

"ఉండిపోతే తర్వాతి దానితో ప్రమాదమే. అయినా నీకెందుకు? షెల్బీ వాడేది తను చేసినవి కదా. అవి నేను చూశాను, గట్టివి." నెమ్మదిగా ఊపిరి పీల్చుకుని రేడియో గొంతు పెంచాడు.

చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచింది కూడా. "ఊళ్లోకి వెళ్లొస్తా, పిండి లేదు" అన్న మాట బయటికొచ్చింది.

ఎల్డర్ వాగు కాలిబాట దాకా కంకర రోడ్డు మీద నలభై నిమిషాలు పడుతుంది. తన ట్రక్కులో ముప్పయ్యిలో వెళ్లింది. కాలిబాట మొదట్లో హార్లన్ ట్రక్కు, ఖాళీ ట్రైలరు ఉన్నాయి. హారను మోగించింది. చేయి నొప్పెట్టేదాకా మోగించింది. లార్చ్ చెట్ల నుంచి పసుపు ముదిరిన సూదుల్లాంటి ఆకులు అద్దం మీద రాలాయి, అంతే. వాళ్ల గుడారం ఆరు మైళ్లు పైన. ఇంట్లో వేసుకునే బూట్లతోనే బాట పట్టింది. మైలు నడిచిందో లేదో వాగు అడ్డమొచ్చింది. కంచరగాడిదలు దాటే చోటు, మోకాలి పైదాకా నీళ్లు, మంచు చల్లన. దిగింది. మూడో అడుగుకి రాయి జారి నడుందాకా పడింది. కొమ్మ పట్టుకుని ఇవతలికే వచ్చి పడింది.

"షెల్బీ!" అని అరిచింది. "కాల్చకే! షెల్బీ!"

వాగు చప్పుడులో ఆ పిలుపు తనకే సరిగ్గా వినబడలేదు.

అప్పుడు వినిపించింది తుపాకి మోత, చాలా పైనుంచి. కొండలన్నీ దాన్ని ఒకదానికొకటి అందించుకున్నట్టు మోగి మోగి ఆగింది. వెర్లా ఊపిరి బిగబట్టింది. ఒకటి. రెండోది వస్తే తుపాకి బాగానే ఉన్నట్టు. రాకపోతే ఎల్క్ పడినట్టయినా, లేదా తుపాకే పగిలినట్టయినా. కానీ రెండోది వస్తే, మొదటిదాని మూత గొట్టంలో ఉండి ఉంటే? ఏది కోరుకోవాలో తెలియక, తడిసిన ఏప్రన్ నోట్లో కుక్కుకుని నిలబడింది.

రెండో మోత వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

గంటసేపు నిలబడింది. చేతివేళ్లు నీలంగా మారాయి. కూతురి మొహం ఆమెకి కళ్లముందు రకరకాలుగా కనిపించింది. వాటిలో ఒక్కదానికీ రెండు కళ్లు లేవు. చివరికి వణుకు ఆగక తన ట్రక్కు దగ్గరికి తిరిగొచ్చింది. హార్లన్ ట్రక్కు అద్దానికి చీటీ పెడదామని వెతికితే పెన్నుంది, పాత పిండి కొట్టు రసీదు ఉంది. 'తూటాలు కాల్చొద్దు' అని రాసింది. కింద ఎందుకో రాయాలి. పెన్ను అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే, అని రాసి, దాన్ని కొట్టేసి, ఆ కాగితాన్ని నలిపి జేబులో పెట్టుకుంది. పేలాల్సింది ఉంటే ఈపాటికి పేలే ఉంటుంది అని సర్దిచెప్పుకుంది. ఇంటికొచ్చాక లైల్ తడిబట్టలు చూసి ఏంటన్నాడు. జారిపడ్డానంది.

శనివారం రెండింటికి ట్రక్కు వచ్చింది. వెర్లా మెట్ల మీదే ఉంది. కుడివైపు తలుపు తెరుచుకుంది. షెల్బీ దిగింది. రెండు కళ్లు, రెండు చేతులు, బురద, ముళ్లకి గీరుకున్న చెంప.  దేవుడా, ఇక చాలు, ఇంకేమీ అడగను అనుకుంది వెర్లా. పరిగెత్తి పట్టుకోబోతే షెల్బీ పక్కకి తప్పుకుంది.

ట్రైలరులో కంచరగాడిదలు తప్ప ఏమీ లేదు.

వంటింటి బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. వెర్లా కాఫీ పోసింది. షెల్బీ కప్పు ముట్టుకోలేదు. హార్లనే చెప్పాడు.

"ఎనభై గజాలు. ఆడ ఎల్క్. అడ్డంగా నిలబడి గడ్డి తింటోంది, లైల్. గుడ్డివాడైనా కొట్టేస్తాడు. మొదటిది ఎటుపోయిందో దేవుడికెరుక. రెండోది వెనక తొడలో తగిలింది. కుంటుకుంటూ అడవిలో పడింది. నిన్న చీకటిదాకా, ఇవాళ పదింటిదాకా నెత్తురు బొట్లు పట్టుకుని తిరిగాం. బండల మీద జాడ పోయింది. అది ఇంకా చావలేదు. ఎక్కడో పడుకుని తోడేళ్ల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది."

"పెదనాన్నా, చాలు" అంది షెల్బీ.

"గిన్నెలు చేసుకోవద్దని చెప్పానా లేదా? అసలువి తెచ్చి ఇచ్చానా లేదా?"

షెల్బీ జేబులోంచి ట్యాగు తీసింది. ఏడాదికొకటి ఇచ్చే వేట చీటీ. ఎల్క్ పడ్డాక దాని మీద నెల, తేదీ గుర్తులు కోసి మాంసానికి కడతారు. అది కోశాక ఇంకో ఎల్క్ మీద తుపాకి ఎత్తకూడదు. ఇంకా ఎనిమిది రోజుల వేట ఉంది. దొరకని జంతువుకి కోయాలని చట్టంలో లేదు.

"కోయక్కర్లేదే" అన్నాడు లైల్ మెల్లగా. "ఫ్రీజరు ఖాళీగా ఉంది."

"చంపాను కదా నాన్నా. ఇంటికి తేలేదంతే." మొలకత్తి తీసి అక్టోబరు మీద ఒక చిన్న ముక్కోణం కోసింది, తేదీ మీద ఇంకొకటి. ముక్కలు బల్ల మీద పడ్డాయి. వాటిని వేలితో ఒకచోటికి జరిపింది. కత్తి మడిచి పెట్టుకుంది. ఈ చలికాలానికి ఈ ఇంట్లో మాంసం లేదు అని ఎవరూ అనలేదు.

హార్లన్ లేచి గోడకానించిన తుపాకి అందుకున్నాడు. "ఇది మా ఇంటికి పోతోంది. నాన్న చెప్పింది నీకూ తెలుసు లైల్. జంతువుని కుంటిదాన్ని చేసి వదిలేసిన చేతికి దీన్నివ్వొద్దన్నాడు. నాకేం సరదా కాదు."

 షెల్బీ అంది. "తీసుకెళ్లు. ప్రెస్సు, డైలు, అచ్చులు కూడా తీసుకెళ్లు పెదనాన్నా. పాతసామాన్లకి వేసెయ్. ఇక నేను వాటిని ముట్టుకోను."

వెర్లా సింకు దగ్గర కుళాయి తిప్పి నిలబడి ఆ మాట వింది. ఎన్నేళ్లుగా అడుగుతున్న వరం అది. మందు వద్దు, సీసం పొగ వద్దు, కొండ వద్దు. షెడ్డులో ఇక టిక్కుమనే చప్పుడు ఉండదు. హాయిగా నిద్రపోవచ్చు. తను ఏమీ చేయనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. బిడ్డ కళ్లతో తిరిగొచ్చింది, ఇంకేం కావాలి? ఊరుకుంటే తప్పేముంది?

"ఒక్కటి చెప్పు నాన్నా." షెల్బీ అడిగింది. బల్ల మీద రెండు చేతులూ వెల్లకిలా పెట్టి వాటినే చూస్తోంది. గోళ్లలో ఎండిన నెత్తురు ఉంది. "ప్రతి రేకూ కొలిచాను. పదింటికొకటి లాగి చూశాను. గురి చూసుకున్నప్పుడు అయిదూ ఒకచోటే పడ్డాయి. ఊపిరి వదిలి, మెల్లగా నొక్కాను, నువ్వు నేర్పినట్టే. ఎక్కడ తప్పు చేశాను? నాకు తెలియాలి. ఎక్కడ?"

  లైల్ మెల్లగా తల తిప్పి వెర్లా నిలబడిన వైపు చూశాడు. ఆమె ఆకారం తప్ప అతనికి కనిపించదు. అయినా చూశాడు. మళ్లీ తల దించుకుని మోకాలి మీది దుప్పటి సర్దుకున్నాడు.

 ఆక్సిజన్ మిషను బుస్సుమంటోంది. హార్లన్ తుపాకి భుజాన వేసుకుని తలుపు గుబ్బ పట్టుకున్నాడు, తిప్పలేదు. కాఫీ మీద పొగ ఆగిపోయింది. షెల్బీ అలాగే కూర్చుంది. ఏడవడం లేదు. జవాబు కోసం కూడా చూడడం లేదు. తప్పు తనదే అని ఆ చేతుల్లో వెతుక్కుంటోంది, దొరికేదాకా లేవనన్నట్టు. దొరకదు. ఇవాళ దొరకదు, రేపు దొరకదు. ముసలిదయ్యాక కూడా ఈ చేతులు ఇలాగే వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటుంది.

వెర్లా కుళాయి కట్టేసింది.

"అవి నీ తూటాలు కావు షెల్బీ" అంది. "బుధవారం నువ్వు మిల్లులో ఉన్నప్పుడు నేను మార్చాను."